పిలవడం కాదు, ముందు వినడం నేర్పండి

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాల్లో షికార్ మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా వైపు స్థిరపడిన భాయ్‌లు కొందరు హిరన్ షికార్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళ బచ్చాలు స్కూలు దోస్తుల్ని చూసి, బహార్ మౌసమ్ రాగానే జంగ్లీ టర్కీ షికార్‌కు తీసుకెళ్ళమని అడుగుతున్నారు. అబ్బా ముందుగా కొనేది ఒక చిన్న చెక్క డబ్బీ. దాని మూతను అంచు మీద అటూ ఇటూ గీస్తే టర్కీ మాదా అరిచినట్టు ఆవాజ్ వస్తుంది. బచ్చా దాన్ని పొద్దస్తమానం గీస్తూ కూర్చుంటాడు, అమ్మీ తల పట్టుకుంటుంది, అబ్బా మాత్రం మనవాడికి హునర్ వచ్చేసిందని ఖుష్ అవుతాడు.

ఆ డబ్బీతో టర్కీలా అరవడం ఒక్క సాయంత్రంలో వస్తుంది. ఆ అరుపుకు మత్‌లబ్ ఏమిటి, ఎప్పుడు అరవాలి, ఎప్పుడు ఖామోష్‌గా ఉండాలి, అది విని ఎవరెవరు వస్తారు, ఇవి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే నా రాయ్ సూటిగా చెబుతున్నాను. బచ్చా చేతికి బందూక్ ఇవ్వడానికి ముందు, ఆ డబ్బీ ఇవ్వడానికి కూడా ముందు, ఒక పూరా బహార్ ఖాళీ చేతులతో జంగల్‌లో కూర్చోబెట్టి వినిపించండి. ఇందులో పక్షి జాన్ ఉంది, మీ బచ్చా జాన్ కూడా ఉంది.

మన వాకిట్లోనే మొదటి సబక్

ఊళ్ళో కోళ్ళు పెంచిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ ఇల్మ్ మరీ కొత్తదేం కాదు. పిల్లలకోడికి గింజ కనపడితే మెత్తగా 'క్లుక్ క్లుక్' అంటుంది, పిల్లలు పరుగెత్తుకొస్తాయి. అదే కోడి పైన గద్ద కనపడగానే గొంతు మారుస్తుంది, పిల్లలు రెక్కల కిందికో కంప కిందికో దూరిపోతాయి. పిల్లి వస్తే చేసే గోల వేరు, గుడ్డు పెట్టాక చేసే గోల వేరు. మన నానీమాలు వంటింట్లో రొట్టె చేస్తూనే, బయటికి చూడకుండానే, వచ్చింది గద్దో పిల్లో చెప్పేవాళ్ళు. అది వినడం. ఆ చెవి ఉన్నవాడికే టర్కీ జుబాన్ అర్థమవుతుంది.

జంగ్లీ టర్కీ కూడా కోడి ఖాందాన్‌కు చెందిందే. దాని వతన్ ఉత్తర అమెరికా. మెక్సికోలో మచ్చికైన ఈ పక్షిని స్పెయిన్‌వాళ్ళు 16వ శతాబ్దంలో యూరప్‌కు తీసుకెళ్ళారు, అక్కడి నుంచి ఓడల మీద దునియా అంతా తిరిగింది. ఎక్కడిదో తెలియక ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు టర్కీ అన్నారు, టర్కీవాళ్ళు హిందీ అన్నారు, అరబ్బులు రూమీ కోడి అన్నారు, ఉర్దూలో ఫీల్‌ముర్గ్, పేరూ అన్నారు. మనవాళ్ళు సీమకోడి అన్నారు. అందరూ తప్పే.

ఈ పక్షిని శ్రద్ధగా చూసి కలంతో రాసినవాళ్ళలో మన దేశపు బాద్‌షా ఒకరు ఉన్నారు. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన అజీబ్ జంతువుల్లో ఒక టర్కీ నర్ ఉంది. జహంగీర్ దాన్ని చూసి ముచ్చటపడి తన జహంగీర్‌నామాలో వర్ణించాడు. జోష్‌లో ఉన్నప్పుడు నెమలిలా పురి విప్పుతుందని, తల, మెడ రంగులు క్షణక్షణం మారుతాయని, ఒకసారి పగడంలా ఎర్రగా, ఒకసారి దూదిలా తెల్లగా, ఒకసారి ఫిరోజా రంగులో కనిపిస్తాయని రాశాడు. తన దర్బారు చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఎరుపు, తెలుపు, నీలం. ఈ మూడు రంగులు గుర్తుపెట్టుకోండి, కింద వీటితో పని ఉంది.

ఏ ఆవాజ్‌కు ఏ మత్‌లబ్

టర్కీ ఆవాజ్‌లు ఇరవైకి పైగా ఉన్నాయని వాటిని చదివినవాళ్ళు లెక్కకట్టారు. షికారీకి రోజూ పనికొచ్చేవి ఏడెనిమిది.

మొదటిది యెల్ప్. మాదా ఒకే తాళంలో వరసగా ఐదారు ముక్కలు పలుకుతుంది. నేను ఇక్కడున్నాను, నువ్వెక్కడ అన్నది దాని మత్‌లబ్. టర్కీలు రాత్రి చెట్ల మీద పడుకుంటాయి. తెల్లవారుజామున కొమ్మ మీదే కూర్చుని పలికే యెల్ప్ చాలా మెత్తగా, నిద్ర గొంతుతో ఉంటుంది. అదే మాదా నేల మీదికి దిగాక గొంతు పెంచుతుంది. చీకటి పూర్తిగా విడవకముందే నేల మీది యెల్ప్‌ను గట్టిగా వినిపించే కొత్త షికారీ, అర్ధరాత్రి అజాన్ ఇచ్చినవాడిలా అనుమానం తెప్పిస్తాడు.

రెండోది క్లక్. ఒక్క ముక్క, పొట్టిగా. పక్కనున్నవాళ్ళ చూపు ఇటు తిప్పడానికి. మూడోది పర్. మేత దొరికి, భయం లేకుండా తిరుగుతున్నప్పుడు గొంతులో మెత్తగా గురగురమంటుంది. ఇక్కడ అంతా ఖైరియత్ అని చెప్పడం. నాలుగోది కటింగ్. క్లక్‌లే, కానీ గట్టిగా, వేగంగా, తాళం తప్పి వస్తాయి. మాదా జోష్‌లో ఉంది, విసుగులోనూ ఉంది. ఐదోది కీ-కీ. దారి తప్పిన పిల్ల సన్నగా ఈల వేసినట్టు పలికేది.

ఆరోది పట్. ఖత్రా అని చెప్పే మాట. మెడ నిటారుగా చాచి, చురుక్కుమని కొట్టినట్టు పలుకుతుంది. దీన్ని ప్రత్యేకంగా వినిపించాలి. ఎందుకంటే క్లక్‌కూ పట్‌కూ మధ్య తేడా చాలా తక్కువ. డబ్బీని కాస్త మొరటుగా గీస్తే క్లక్ అనుకున్నది పట్ అయిపోతుంది. రా అనబోయి పారిపో అని చెప్పినట్టు. జుబాన్ తెలియకుండా మాట్లాడితే వచ్చే చిక్కు ఇదే.

నర్ పలికేది గాబుల్. నిశ్శబ్దంగా ఉన్న పొద్దున మైలు దూరం వరకూ వినపడుతుంది. దానికి ఇంకో ఆవాజ్ ఉంది. పురి విప్పి నడుస్తూ లోపల్నుంచి డప్పు కొట్టినట్టు సన్నటి గుమ్మనే శబ్దం చేస్తుంది. దగ్గరికొస్తే తప్ప అది వినపడదు, చెవికన్నా ఛాతీకే ముందు తెలుస్తుంది. మీరు మాట్లాడుతూ ఉంటే ఎప్పటికీ వినలేరు.

ఈ జుబాన్ వాటికి అలంకారం కాదు, బతుకుదెరువు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో జంగ్లీ టర్కీ చాలా చోట్ల కనుమరుగైంది. అడవులు నరికారు, బజారు కోసం విచ్చలవిడిగా కాల్చారు. తిరిగి పెంచుదామని షెడ్లలో పొదిగించిన పిల్లల్ని ఏళ్ళ తరబడి అడవుల్లో వదిలారు. అవి నిలవలేదు. తల్లి వెంట తిరగని పిల్లకు దేనికి భయపడాలో, ఎక్కడ పడుకోవాలో నేర్పేవాళ్ళు లేరు. 1950ల నుంచి అడవిలోని అసలు టర్కీలనే వలలు పేల్చి పట్టి, కొత్త అడవులకు తరలించారు. అవి నిలిచాయి, పిల్లల్ని పెంచాయి. ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. ఆ పనికి డబ్బు చాలావరకు షికారీల లైసెన్సుల నుంచి, 1937 చట్టం ప్రకారం బందూక్‌లు, తూటాల మీద వేసే పన్ను నుంచి వచ్చింది.

ఫ్లోరిడాలో జో హట్టో అనే ఆయన జంగ్లీ టర్కీ గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టి, అవి పగలకముందు నుంచే వాటితో టర్కీ గొంతుతో మాట్లాడి, పుట్టిన పిల్లల వెంట తల్లిలా నెలల తరబడి అడవిలో తిరిగాడు. ఆ తజుర్బాను 1995లో పుస్తకంగా రాశాడు, తర్వాత దాని మీద ఫిల్మ్ కూడా వచ్చింది. ఆయన టర్కీలకు నేర్పింది తక్కువ, వాటి దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. ఏ ఖత్రాకు ఏ గొంతు వాడతాయో వాటి మధ్య ఉండి విన్నాడు. అందరం అంత చేయలేం. ఒక ఐదారు పొద్దుల పాటు ఖామోష్‌గా కూర్చోగలం కదా.

ఉల్టా పిలుపు

బహార్ షికార్‌లో అసలు కష్టం ఎక్కడుందో చాలామంది బచ్చాలకు చెప్పం. కుద్రత్‌లో నర్ గాబుల్ చేస్తుంది, మాదా నడిచి దాని దగ్గరికి వెళుతుంది. షికారీ మాదా గొంతుతో పిలిచి నర్‌ను తన దగ్గరికి రమ్మంటాడు. అంటే రివాజ్‌ను ఉల్టా చేస్తున్నాడు. అందుకే టర్కీ నర్ సగం దూరం వచ్చి ఆగిపోతుంది. నేను ఇంత దూరం వచ్చాను, మిగతా దూరం నువ్వు రా అన్నట్టు పురి విప్పి అక్కడే తిరుగుతుంది. కొత్త షికారీ అప్పుడు కంగారుపడి ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువగా అరుస్తాడు. వినేకొద్దీ టర్కీ అక్కడే నిలబడుతుంది. మాదా అంత ఆరాటపడుతుంటే తనే వస్తుందిలే అని దానికి భరోసా.

అక్కడ పనిచేసేది ఖామోషీ. టర్కీకి బయటికి కనపడే చెవి లేదు గానీ ఆవాజ్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టడంలో దానికి సాటి లేదు. ఒకసారి జవాబిచ్చిందంటే మీరున్న చోటు దానికి తెలిసిపోయింది. మళ్ళీ మళ్ళీ చెప్పనవసరం లేదు. ఆపేయండి. ఎండుటాకుల్ని చేత్తో మెల్లగా కదిపితే కోడి కెలుకుతున్నట్టు ఉంటుంది, అదీ ఒక మాటే. తర్వాత అరగంట కదలకుండా కూర్చోవడం. దాని చూపు మన చూపు కన్నా చాలా పదును, తల కాస్త తిప్పితే చుట్టూ కనపడుతుంది. దోమ కుట్టినా చెయ్యి లేవకూడదు. సబర్ అంటే ఏమిటో బచ్చాకు ఇంతకన్నా బాగా ఏ మదరసాలోనూ తెలియదు.

ఇంకో సంగతి. పొద్దున్నే నర్ చుట్టూ నిజమైన మాదాలు ఉంటే మీ డబ్బీకి విలువ లేదు. ఆ మాదాలు పొద్దెక్కాక గుడ్లు పెట్టడానికి గూళ్ళ వైపు వెళ్ళిపోతాయి. అప్పుడు నర్ ఒంటరి. తొమ్మిది, పది గంటలకు మెత్తగా పలికిన ఒక్క యెల్ప్‌కు, తెల్లవారుజామున పట్టించుకోని నర్ నడిచి రావచ్చు. తొందరపడి ఏడింటికే ఇంటికి బయలుదేరినవాడికి ఇది ఎప్పటికీ తెలియదు.

ఇక సీజన్‌కు ముందే మార్చిలో జంగల్‌కు వెళ్ళి, టర్కీ జవాబిస్తుందో లేదో చూద్దామని డబ్బీ గీసి వీడియో తీసుకునేవాళ్ళున్నారు. ఇది నాకు అసలు నచ్చదు. పిలిస్తే వచ్చి, మాదాకు బదులు మనిషిని చూసిన నర్ సబక్ నేర్చుకుంటుంది. మళ్ళీ పిలిస్తే రాదు, కొన్ని నోరు విప్పడమే మానేస్తాయి. ఆ అడవి మీ ఒక్కరిదీ కాదు. ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే సాయంత్రం గుడ్లగూబలా, పొద్దున కాకిలా ఒకసారి అరిస్తే చాలు. ఉలిక్కిపడి నర్ గాబుల్ చేస్తుంది. దానివల్ల మాదా గొంతు మీద దాని నమ్మకం చెడదు.

ఔజార్ ఏదైనా ఫర్వాలేదు

దుకాణంలో రకరకాలు ఉంటాయి. చెక్క డబ్బీ పాతది. ఆర్కన్సాకు చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో దానికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ రూపం పెద్దగా మారలేదు. పలక రాయి మీద పుల్లతో గీసేది ఇంకోటి, మెత్తటి క్లక్, పర్ దీని మీద బాగా పలుకుతాయి. నోట్లో అంగిటికి ఆనించుకుని ఊదే పల్చటి రబ్బరు పొరది ఇంకోటి, చేతులు ఖాళీగా ఉంటాయి గానీ నేర్చుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అన్నింటికన్నా పాతది టర్కీ రెక్క ఎముకల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి చేసే పీక. యూరప్‌వాళ్ళు రాకముందే అక్కడి ఆదివాసులకు తెలిసిన హునర్ అది. బచ్చాకు డబ్బీ చాలు. మొదటి టర్కీ గోష్త్ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చాక, ఆ రెక్క ఎముకల్ని శుభ్రం చేసి అబ్బా, బచ్చా కలిసి పీక చేసుకోండి. దుకాణంలో కొన్నదానికన్నా దానికి ఇజ్జత్ ఎక్కువ.

రికార్డు చేసిన ఆవాజ్‌ను స్పీకర్‌లో వినిపించి పిలవడం చాలా రాష్ట్రాల్లో మనా. నేర్చుకోవడానికి ఇంట్లో వినండి, అడవిలో వినిపించవద్దు. ఖానూన్ లేని చోట కూడా నేను దాన్ని ఒప్పుకోను. కారణం తర్వాతి మాటలో ఉంది.

ఇది ధోకా కాదా?

ఈ సవాల్ ఇంట్లో అమ్మాయిలే ముందు అడుగుతారు. మాదా గొంతుతో పిలిచి చంపడం ధోకా కాదా, అబ్బా? జవాబు దాటవేయకండి.

షికార్‌లో ఎర ఎప్పుడూ ఉంది. గాలానికి వానపాము గుచ్చడం ఎర. మన పల్లెల్లో పెంపుడు తీతర్‌ను పంజరంలో పెట్టి, అది కూస్తే పోట్లాటకు వచ్చే జంగ్లీ తీతర్‌ను ఉచ్చులో పట్టేవాళ్ళు. చిక్కు ఎరలో లేదు, హద్ దాటడంలో ఉంది. మీ గొంతు, మీ హునర్, మీ సబర్‌తో పిలిస్తే టర్కీకి రాకుండా ఉండే హక్ మిగిలి ఉంటుంది. చాలాసార్లు అది రాదు కూడా. మిషీన్‌తో, లేదా కొమ్మ మీద నిద్రపోతున్నప్పుడు కాల్చితే ఆ హక్ మిగలదు. నా లెక్కలో హద్ అక్కడుంది.

పిలుపుకు ఇంకో మఖ్‌సద్ కూడా ఉంది, దాన్ని మరిచిపోతున్నాం. పక్షిని దగ్గరికి తేవడం ఎందుకంటే, ఒక్క దెబ్బతో, తల, మెడ మీద, బాధ లేకుండా పడాలని. 40 గజాలు మించితే కాల్చకూడదని పెద్దలు బచ్చాలకు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఖరీదైన తూటాలు వచ్చాక 60, 70 గజాల నుంచి కొట్టానని గొప్పలు చెప్పుకుంటున్నారు. దూరం నుంచి కొట్టేవాడికి పిలుపుతో పనేముంది? దెబ్బ తిని పొదల్లోకి పోయి రెండు రోజులకు చచ్చే పక్షికి జవాబు ఎవరిస్తారు? రాలేదంటే పిలవడం చేతకాలేదు, ఖాళీ చేతులతో ఇంటికి రావాలి. అది కూడా షికారే.

ఖిజాఁ మౌసమ్ షికార్ గురించి ఒక మాట. శరత్‌కాలంలో కొన్ని రాష్ట్రాల్లో గుంపును చెదరగొట్టి, తర్వాత పిల్లల కీ-కీ, తల్లి పిలుపు వినిపించి మళ్ళీ పోగయ్యేటప్పుడు కాల్చడం జాయజ్. ఖానూన్ ఒప్పుకుంటుంది, ఆ వేళకు పిల్లలు దాదాపు పెద్దవైపోతాయి, తమంత తాము బతకగలవు, సంఖ్య చూసే ప్రభుత్వం అనుమతిస్తుంది. ఇవన్నీ సహీ. అయినా నా ఇంట్లో బచ్చాకు మాత్రం నేర్పను. బహార్‌లో మన పిలుపు ఎదిగిన నర్ షౌఖ్‌తో మాట్లాడుతుంది, అది పిల్లల పెంపకంలో ఏ పాత్రా లేనిది. ఖిజాఁలో అదే పిలుపు తల్లిని వెతుక్కునే పిల్ల భయంతో మాట్లాడుతుంది. తల్లి గొంతును ఆ పనికి వాడటం పదేళ్ళవాడి దిల్‌కు మంచిది కాదని నా నమ్మకం. మీ నిర్ణయం మీది.

మీ పిలుపు మనిషికి కూడా వినపడుతుంది

ఇది ఈ వ్యాసంలో అన్నింటికన్నా అహం బాత్. మీరు టర్కీలా ఎంత బాగా పలికితే అంత ఖత్రా. గుట్ట అవతల ఇంకో షికారీ ఉంటే, అతడికి మీరు టర్కీయే. టర్కీ సీజన్‌లో జరిగే ప్రమాదాల్లో మనిషిని పక్షి అనుకుని కాల్చినవి ఎక్కువ, దెబ్బ తినేది చాలావరకు తోటి షికారీలే.

జహంగీర్ చూసిన మూడు రంగులు ఇక్కడ పనికొస్తాయి. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఏదీ ఒంటి మీద ఉండకూడదు. బచ్చా టోపీ, మోజాలు, లోపలి బనియన్ అంచు, జేబులోంచి తొంగిచూసే రుమాలు, అన్నీ చూడండి. నల్ల రంగు కూడా వద్దు, అది నర్ ఒంటి రంగు. భుజాల కన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి, వెనక నుంచి రక్షణ. గాబుల్ ఆవాజ్ పబ్లిక్ అడవిలో ఎప్పుడూ చేయకండి. ఇంకెవరో పలుకుతున్న టర్కీ వైపు పొంచి పొంచి వెళ్ళకండి. పెన్సిల్వేనియాలో బహార్ సీజన్‌లో టర్కీని పిలిచే కొట్టాలి, పొంచి వెళ్ళడం ఖానూన్ ప్రకారమే మనా. మంచి ఖానూన్ అది. కొట్టిన టర్కీని భుజాన వేసుకుని నడిచేటప్పుడు నారింజ రంగు సంచిలో పెట్టండి.

ఇంకో షికారీ మీ వైపు వస్తున్నాడనుకోండి. చెయ్యి ఊపకండి, లేవకండి, టర్కీ కూత అసలే వద్దు. కదలకుండా, గట్టిగా, మనిషి గొంతుతో 'హలో, ఇక్కడ మనిషి ఉన్నాడు' అని ఇంగ్లీషులో అరవండి. టర్కీ పోతే పోనివ్వండి. ఈ ఒక్క అరుపు బచ్చా చేత ఇంట్లో పదిసార్లు అనిపించండి. సిగ్గుపడే పిల్లలు అడవిలో అరవరు.

జబా మాట ముందే తేల్చుకోండి

బాణంతో కొట్టేవాళ్ళకు చిక్కు తక్కువ. బిస్మిల్లా చెప్పి వదిలిన పదునైన బాణం గురించి ఉలమాల్లో పెద్ద ఇఖ్తిలాఫ్ లేదు. బందూక్ ఛర్రాల విషయంలో ఉంది. హనఫీ ఉలమాల్లో చాలామంది, ఛర్రాతోనే చనిపోయిన పక్షి హలాల్ కాదు, జాన్ ఉండగా చేరుకుని జబా చేయాలంటారు. ఇంకొందరు బిస్మిల్లాతో పేల్చితే చాలంటారు. మీరు నమ్మే ఆలింను సీజన్‌కు ముందే అడిగి తేల్చుకోండి, చెట్టు కింద కూర్చున్నాక ఫోన్ చేసి కాదు. జబా చేయాలనేవాళ్ళకు దగ్గరి నుంచి కొట్టడం ఇంకా జరూరీ. 70 గజాలు పరుగెత్తి చేరేలోపు వఖ్త్ దాటిపోతుంది. పరుగెత్తే ముందు బందూక్ సేఫ్టీ వేయండి. నర్ కాళ్ళకు కత్తుల్లాంటి ముళ్ళుంటాయి, బచ్చాను ముందు పంపకండి. వినోదానికి కొట్టి వదిలేయడం మనకు ఎలాగూ లేదు, తినేవాడే కొట్టాలి.

చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి షికార్‌కు ఇజాజత్. ఫజర్ వఖ్త్ అంతకు ముందే మొదలవుతుంది. బండి దగ్గరో, మీరు కూర్చోబోయే చెట్టు దగ్గరో నమాజ్ చేసుకోవడానికి వఖ్త్ సరిపోతుంది. సలాం తిప్పేసరికి దూరంగా మొదటి గాబుల్ వినపడుతుంది.

ఖానూన్ కాగితాలు కూడా ముందే చూసుకోండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు షికారీ తాలీమ్ కోర్సు తప్పనిసరి. న్యూయార్క్‌లో బహార్ టర్కీ షికార్ మధ్యాహ్నంతో బంద్. బహార్‌లో ఎక్కువ చోట్ల ఛాతీ మీద దాఢీ ఉన్న పక్షినే కొట్టాలి. ఆగ్నేయ రాష్ట్రాల్లో టర్కీలు తగ్గుతున్నాయని జార్జియా, అలబామా, టెనెసీ ఇటీవల సీజన్ ఆరంభాన్ని వెనక్కి జరిపి, ఒక్కొక్కరికి ఇచ్చే సంఖ్యను తగ్గించాయి. పోయినేడాది రూల్ ఈ ఏడాది ఉండకపోవచ్చు. ఇక సెలవులకు ఊరికొచ్చిన బచ్చాలు ఇక్కడ తీతర్, నెమలి మీద ఈ హునర్ చూపిస్తామంటే ఆపండి. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మన దేశంలో ఆ ఆట ముగిసింది, ముగియడమే మంచిది.

షికార్ జరూరత్ కాదు. దుకాణంలో హలాల్ టర్కీ దొరుకుతుంది, చాలామందికి అదే మేలు. వెళ్ళాలనుకునేవాళ్ళకే ఈ మాటలు. రాబోయే మార్చిలో ఒక ఆదివారం బచ్చాల్ని, వస్తానంటే వాళ్ళ అమ్మీని కూడా, తెల్లవారకముందే అడవి అంచుకు తీసుకెళ్ళండి. డబ్బీ ఇంట్లోనే ఉండనివ్వండి. ఒక నోట్‌బుక్ ఇచ్చి విన్న ప్రతి ఆవాజ్‌నూ రాయమనండి. కొమ్మ మీది యెల్ప్, నేల మీది యెల్ప్, క్లక్, పట్, గాబుల్, ఈ ఐదింటినీ కళ్ళు మూసుకుని వేరుగా చెప్పగలిగిన రోజున డబ్బీ చేతికివ్వండి. బందూక్ సంగతి ఆ తర్వాత ఏడాది చూద్దాం.